పెద్ద డాక్టర్లు సాఫ్ట్‌వేర్ ముట్టుకోవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మాది మిర్యాలగూడలో 50 పడకల ఆసుపత్రి. నాన్నగారు సర్జన్. నేను ఎంబీఏ చేసి వచ్చి మూడేళ్లుగా అడ్మినిస్ట్రేషన్ చూసుకుంటున్నాను. ఆరు నెలల కింద కేస్ షీట్లు, మందుల చీటీలు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ కంప్యూటర్‌లోనే ఉండేలా మంచి సాఫ్ట్‌వేర్ కొన్నాం. రెండు రోజులు ట్రైనింగ్ కూడా ఇప్పించాను. జూనియర్లు వాడుతున్నారు గానీ పెద్ద డాక్టర్లు నలుగురూ ఇప్పటికీ కాగితం మీదే రాస్తున్నారు. రాత్రి డ్యూటీ డాక్టర్ కూర్చుని అదంతా టైప్ చేస్తున్నాడు. నాన్న కూడా పెన్ను వదలడం లేదు, 66 ఏళ్లు వచ్చాయి కాబట్టి ఆయన్ను నేనేమీ అనలేను. జనరల్ మెడిసిన్ సార్ రోజూ 10 నుంచి 2 వరకు 80 మంది ఓపీ చూస్తారు, 'టైం లేదు' అంటారు. గైనిక్ మేడం అయితే 'నా కేస్ షీట్ నేను రాస్తా, తర్వాత మీరేమన్నా చేసుకోండి' అనేశారు. ఈ సాఫ్ట్‌వేర్‌తో ఏ డాక్టర్ ఎంతమందిని చూశారో, ఎన్ని టెస్టులు రాశారో నాకు ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఆసుపత్రికి ఎంతో ఉపయోగం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కాగితం కేస్ షీట్ చెల్లదని సర్క్యులర్ తీద్దామనుకుంటున్నాను. ఇంత చదువుకున్నవాళ్లే ఇలా చేస్తే ఎలా మేడం?
(పేరు రాయవద్దన్న పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు:

బాబూ, ముందు ఆ సర్క్యులర్ ఆపండి. తీశారంటే మొదటి వారం అందరూ కంప్యూటర్ ముందు కూర్చుంటారు, రెండో వారం కరెంటు పోయిందనో నెట్ రావడం లేదనో తెల్ల కాగితాలు మళ్లీ బయటికొస్తాయి, మూడో వారానికి మీ గైనిక్ మేడం ఇంకో ఆసుపత్రి వాళ్లతో మాట్లాడుకుంటూ ఉంటారు. మిర్యాలగూడలో మంచి గైనకాలజిస్టును మళ్లీ వెతుక్కోవడం ఎంత కష్టమో నాకన్నా మీకే బాగా తెలుసు.

మీ బాధ అర్థం కాక ఈ మాట అనడం లేదు. డబ్బు పెట్టారు, ఆరు నెలలు తిరిగారు, మంచి జరుగుతుందనే చేశారు. రాత్రి కూర్చుని టైప్ చేసే ఆ డ్యూటీ డాక్టర్ సంగతి చదివి నాకు భయమేసింది కూడా. పొద్దున ఒకరు రాసిన దాన్ని రాత్రి ఇంకొకరు నిద్రకళ్లతో ఎక్కిస్తుంటే 0.5 కాస్తా 5 అయిపోవడానికి ఎంతసేపు? కాబట్టి మార్పు రావాలన్న దాంట్లో నేను మీ పక్షమే. నాకు నచ్చనిది 'ఇంత చదువుకున్నవాళ్లే' అన్న మాట. చదువు, అనుభవం బాగా ఉన్న మనిషి కొత్త పనిముట్టును చూసే తీరు వేరుగా ఉంటుంది, అది తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

టెక్నాలజీ పడదని మీరంటున్న ఈ నలుగురి ఫోన్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రాత్రి 2 గంటలకు ఛాతీ నొప్పితో ఎవరైనా వస్తే మీ డ్యూటీ డాక్టర్ ఈసీజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాడు, మెడిసిన్ సార్ మంచం మీది నుంచే చూస్తారు, అనుమానం ఉంటే హైదరాబాద్‌లో ఉన్న క్లాస్‌మేట్ కార్డియాలజిస్టుకు పంపిస్తారు, ఐదు నిమిషాల్లో ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో తేలిపోతుంది. దీనికి ఆయనకు ఎవరైనా రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారా? మీ నాన్నగారినే తీసుకోండి. మన దేశంలో లాప్రోస్కోపీతో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, పిత్తాశయం తీయడం మొదలైందే 1990లో. అంటే ఆయన తరం సర్జన్లు పొట్ట కోసి చేయడం నేర్చుకుని, ప్రాక్టీసు పెట్టుకుని, పేరు వచ్చాక మళ్లీ విద్యార్థుల్లా వెళ్లి నేర్చుకున్నారు. టీవీ తెర చూస్తూ, పొడవాటి పుల్లలాంటి పనిముట్లతో, చేతికి స్పర్శ సరిగా అందకుండా ఆపరేషన్ చేయడం మీ సాఫ్ట్‌వేర్ కన్నా ఎన్నో రెట్లు కష్టం. అయినా సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో పోయి నేర్చుకున్నవాళ్లు ఎంతోమంది, ఎందుకంటే పొట్టంతా కోస్తే వారం పది రోజులు మంచం మీద ఉండాల్సిన మనిషి రెండో రోజే లేచి నడుస్తున్నాడు. ఆ లాభం కళ్ల ముందు కనిపించింది.

దీని మీద లోకంలో పరిశోధన చాలానే జరిగింది. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ పరిశోధకుడు ఉద్యోగులు కంప్యూటర్లను ఎందుకు ఒప్పుకుంటారు, ఎందుకు ఒప్పుకోరు అని చూసి రెండే ప్రశ్నల దగ్గరికి తెచ్చాడు: ఇది నా పనికి పనికొస్తుందా, దీన్ని వాడటం సులువా. పదేళ్ల తర్వాత, 1999లో, హాంకాంగ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 400 మందికి పైగా డాక్టర్లను టెలిమెడిసిన్, అంటే దూరం నుంచే వైద్యం చేసే పద్ధతి గురించి అడిగి ఇదే పరీక్ష పెట్టారు. అక్కడ పనికొస్తుందా అన్న ప్రశ్న గట్టిగా నిలబడింది, సులువా కాదా అన్నది వాళ్ల నిర్ణయాన్ని పెద్దగా కదిలించనే లేదు. కష్టమైనా నేర్చుకోగలమన్న ధైర్యం వాళ్లకు ఉంటుంది, అంత చదువు చదివి వచ్చినవాళ్లు. మీరేమో 'సార్, చాలా ఈజీ సార్, మా అటెండర్ కూడా చేస్తాడు' అని చెప్పి ఉంటారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు అందరి దగ్గరా ఇదే మాట చెప్తారు, నేను నా చెవులతో విన్నాను. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఫిజీషియన్‌కు ఆ మాటలో సాయం కనిపించదు, చిన్నచూపు కనిపిస్తుంది.

అలాగని ఎంత టైం తింటుందో చూసుకోకపోతే ఎలా? మెడిసిన్ సార్ 10 నుంచి 2 వరకు 80 మందిని చూస్తారన్నారు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు, మనిషికి 3 నిమిషాలు. అందులోనే దామరచర్ల నుంచో హాలియా నుంచో బస్సెక్కి వచ్చిన పెద్దాయన కూర్చోవాలి, చొక్కా ఎత్తాలి, 'మొన్నటి గోలీలు పడలే సారూ' అని చెప్పాలి, సార్ వినాలి, నాడి చూడాలి, రాయాలి. మీ తెర మీద ఒక్కో మనిషికి నిమిషంన్నర అదనంగా పట్టిందనుకోండి, 80 మందికి 120 నిమిషాలు. ఓపీ 2 గంటలకు కాదు, 4 గంటలకు అయిపోతుంది. ఆ రెండు గంటలు ఎవరి నుంచి తీసుకోవాలి? ఆయన అన్నం నుంచైనా తీసుకోవాలి, పేషెంటు మాట నుంచైనా తీసుకోవాలి. 'టైం లేదు' అని ఆయన అన్నది సాకు కాదు బాబూ, లెక్క. లాస్ ఏంజిలెస్‌లో ఒక పెద్ద ఆసుపత్రి కోట్ల డాలర్లు పెట్టి డాక్టర్లు మందుల ఆర్డర్లన్నీ కంప్యూటర్‌లోనే ఇవ్వాలని తెచ్చింది. సెకన్లలో రాసే ఆర్డరుకు నిమిషాలు పడుతున్నాయని, అడుగడుగునా హెచ్చరికలు వచ్చి పని సాగనివ్వడం లేదని వందల మంది డాక్టర్లు ఎదురు తిరిగితే, కొన్ని నెలలకే, 2003 జనవరిలో దాన్ని పక్కన పెట్టేశారు. అంత డబ్బున్న చోటే అలా అయింది.

ఇక నా అనుభవం చెప్తాను, ఎందుకంటే మీరు ఇప్పుడు చేస్తున్న తప్పు నేను ఒకప్పుడు చేశాను.

నేను నల్గొండలో పాథాలజిస్టుగా పనిచేసిన ల్యాబ్‌లో మొదట్లో రక్తకణాలు చేత్తోనే లెక్కపెట్టేవాళ్లం. న్యూబార్ చాంబర్ అని మందపాటి గాజు పలక, దాని మీద సన్నటి గళ్లు ఉంటాయి. మైక్రోస్కోపు కింద ఒక్కో గడిలో ఉన్న కణాలు లెక్కపెట్టి గుణించాలి. మా సీనియర్ టెక్నీషియన్ ఒకాయన కన్ను మైక్రోస్కోపుకు ఆనించి, బొటనవేలితో కౌంటర్ మీట టకటక నొక్కుతూ గంటల తరబడి కూర్చునేవాడు. వానాకాలం డెంగీ జ్వరాల సీజన్‌లో రోజుకు 60, 70 శాంపిళ్లు వచ్చేవి, సాయంత్రానికి ఆయన కళ్లు ఎర్రగా అయిపోయేవి. అలాంటప్పుడు సెల్ కౌంటర్ మిషన్ వచ్చింది. రక్తం ట్యూబు పెడితే నిమిషంలో కాగితం వస్తుంది. అందరికన్నా ఎక్కువ ఆయనే సంతోషిస్తాడనుకున్నాను. ముట్టుకోలేదు. 'గా డబ్బాకు ఏం ఎరుక మేడం' అని తన స్టూలు మీద తను కూర్చున్నాడు. వయసు మీద పడింది, మార్పు అంటే భయం అనుకున్నాను. రెండుసార్లు అందరి ముందూ గట్టిగా మాట్లాడాను కూడా, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఒకరోజు సాయంత్రం పాతికేళ్ల అమ్మాయి శాంపిల్ మిషన్‌లో పెడితే ప్లేట్‌లెట్లు 18 వేలు అని వచ్చింది. వార్డులో గోల, తల్లి ఏడుస్తోంది, హైదరాబాద్ పోవడానికి అంబులెన్స్ మాట్లాడేస్తున్నారు. మా సీనియర్ ఏమీ అనకుండా వార్డుకు పోయి ఆ అమ్మాయిని చూసొచ్చాడు. ఒంటి మీద ఒక్క ఎర్ర చుక్క లేదు, చిగుళ్లలో రక్తం లేదు. వచ్చి స్లయిడ్ మీద రక్తం చుక్క పరిచి, ఆరబెట్టి, రంగు వేసి చూసి నన్ను పిలిచాడు. 'సూడుండ్రి మేడం, గుంపులు గుంపులుగ అతుక్కున్నయి. గిన్ని ఉన్నంక పద్దెనిమిది వేలు ఎట్లయితది?' నేనూ చూశాను. స్లయిడ్ మీద పరిచిన రక్తపు పొర చివర్లో, తోక భాగంలో, ప్లేట్‌లెట్లు ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. కొందరి రక్తం ఊదా మూత ట్యూబులో, గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనంలో పడితే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మిషన్ ఆ ముద్దల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కలోకి తీసుకోదు. నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి, అందులో ముందే ఉన్న ద్రవానికి తగ్గట్టు 1.1తో గుణిస్తే 1 లక్షా 60 వేలు. అంబులెన్స్ వెనక్కి పోయింది.

ఆ రాత్రే ఒక రూలు పెట్టుకున్నాం. మిషన్ 50 వేల కన్నా తక్కువ చూపిస్తే స్లయిడ్ చూడకుండా రిపోర్టు బయటికి పోదు, చూసి సంతకం పెట్టేది ఆయనే. మర్నాటి నుంచి పొద్దున్నే మిషన్ మీది గుడ్డ తీసేది ఆయన, కంట్రోల్ శాంపిల్ నడిపి సరిగ్గా ఉందో లేదో చూసేది ఆయన, సర్వీస్ ఇంజనీర్ రావడం ఆలస్యమైతే ఫోన్ చేసి కోప్పడేదీ ఆయనే. మిషన్ అదే, మీటలు అవే. కానీ అంతకుముందు మేం దాన్ని ల్యాబ్‌లోకి తెచ్చినప్పుడు 'ఇక నీ కంటితో పని లేదు' అన్న మాటను కూడా దాంతోపాటే తెచ్చాం, నోటితో అనకపోయినా ఆయనకు వినిపించింది. ఆ మాట పోయాక మిషన్ ఆయనది అయింది. సులువైన 50 శాంపిళ్లు మిషన్‌కు వదిలేసి, కష్టమైన పది స్లయిడ్లు తీరిగ్గా చూసేవాడు, రిటైరయ్యే దాకా.

ఇప్పుడు మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గరికి వద్దాం. 'ఏ డాక్టర్ ఎంతమందిని చూశారో, ఎన్ని టెస్టులు రాశారో నాకు ఒక్క చూపులో తెలిసిపోతుంది' అని రాశారు. సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చే లాభం గురించి మీ ఉత్తరంలో ఉన్నది ఆ ఒక్క మాటే. పేషెంటుకు ఏం ఒరుగుతుందో, గైనిక్ మేడంకు ఏం కలిసొస్తుందో ఒక్క ముక్క లేదు. బాబూ, మీరు నాకు రాసినంత తేలిగ్గా ఈ మాట ఆసుపత్రిలోనూ ఎక్కడో అనే ఉంటారు, ఆ నలుగురి చెవిన పడే ఉంటుంది. వాళ్లు టైప్ చేయాలి, మీరు వాళ్లను లెక్కపెట్టాలి. ఒక డాక్టర్‌కు తను రాసే టెస్టుల సంఖ్య యజమాని కొడుకు రోజూ చూస్తున్నాడని తెలిస్తే, 'తక్కువ రాస్తే ఎందుకు తక్కువ అంటాడు' అన్న అనుమానం రాకుండా ఎట్లా ఉంటుంది? వాళ్లు దేనికి వెనకాడుతున్నారో నాకైతే ఇక్కడే కనిపిస్తోంది. ఆ లెక్కల పేజీని మూసేయండి. నెల ఆదాయం, బెడ్ల లెక్క చూసుకోండి, ఎవరూ కాదనరు. డాక్టర్ పేరుతో టెస్టుల లెక్క మాత్రం తీయించేసి, తీయించానని వాళ్లను కూర్చోబెట్టి నోటితో చెప్పండి.

మన దగ్గరే ఒక మనిషి ఉన్నాడు, ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. అప్పట్లో అది నల్గొండ జిల్లానే. పోచంపల్లి చీరకు నూలు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ దారాన్ని వేల సార్లు చేత్తో తిప్పాలి, అలా తిప్పి తిప్పి ఆయన తల్లి లక్ష్మమ్మ భుజం పడిపోయేది. ఆ నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. నేత పనివాళ్ల ఇళ్లలో ఆ యంత్రం ఎందుకు నిలబడిందంటే, చేసేవాళ్ల భుజం నొప్పి ముందు పోయింది. చీర మీద ఏ డిజైన్ రావాలి, ఏ రంగు ఎక్కడ అద్దాలి అన్నది నేసేవాళ్ల చేతిలోనే ఉండిపోయింది. మీ సాఫ్ట్‌వేర్ మీ డాక్టర్ల ఏ భుజం నొప్పి తీస్తుందో మీరు ఇంకా కనుక్కోలేదు.

కనుక్కోవడానికి నా సలహా, ఒక రాత్రి లేబర్ రూం బయట కూర్చోండి. గైనిక్ మేడం రాసే కాగితాల్లో పార్టోగ్రాఫ్ అని ఒకటి ఉంటుంది. నొప్పులు, బిడ్డ గుండె చప్పుడు, గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుంది అన్నీ ఒకే షీటు మీద గీతలుగా పడుతుంటాయి. గీత వంగిపోతే, ఆపరేషన్‌కు పోవాలా ఆగాలా అన్నది ఆమెకు తలుపు దగ్గర నుంచే తెలిసిపోతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో అది గీతగా కనిపిస్తోందా, లేక నాలుగు పేజీల్లో నాలుగు డబ్బాలుగా ముక్కలైందా? ముక్కలైతే ఆమె అన్నది నూటికి నూరుపాళ్లు న్యాయం, ఆ గీత తెర మీదికి వచ్చేదాకా ఆమె కాగితం జోలికి వెళ్లకండి. నర్సుల సంగతి కూడా చూడండి. బీపీ చూసేది మంచం దగ్గర, కంప్యూటర్ ఉండేది వరండా చివర. మధ్యలో అంకెలన్నీ అరచేతి మీద రాసుకుని వస్తుంటారు. ట్రాలీ మీద ఒక ట్యాబ్, బ్యాటరీ బ్యాకప్ ఉంటే సగం గొడవ తీరుతుంది, ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

డాక్టర్ల చేత రాయించడం మొదట పెట్టకండి, చదివించడం పెట్టండి. ల్యాబ్ రిపోర్టు రాగానే వాళ్ల ఫోన్‌కు రావాలి, ఎక్స్‌రే కనిపించాలి, ఆరు నెలల కింద ఇదే పేషెంటుకు ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీ పేరు కొట్టగానే తెరుచుకోవాలి. 'పాత కాగితాలు ఇంటికాడ మర్చిపోయిన సారూ' అనే మాట మన ఓపీల్లో రోజుకు ఎన్నిసార్లు వినపడుతుందో మీరే లెక్కపెట్టండి. ఒక్క అక్షరం టైప్ చేయకుండా ఈ సాయం అందితే, నెల తిరిగేసరికి 'ఇందులో నా నోట్సు కూడా ఉంటే బాగుండు' అని వాళ్లకే అనిపిస్తుంది.

టైపింగ్‌కు మాత్రం మనిషిని పెట్టండి. మెడిసిన్ సార్ పక్కన ఓపీలో ఒక నర్సింగ్ చదివిన అమ్మాయి కూర్చుని, ఆయన చెప్తుంటే ఎక్కించి, ఆయన ఒకసారి తెర చూసి సరే అంటేనే మందుల చీటీ ప్రింటు కావాలి. రాత్రి డ్యూటీ డాక్టర్ చేత చేయించే పని ఇదే, కానీ రాసిన మనిషి కళ్ల ముందే జరుగుతుంది కాబట్టి తప్పు అక్కడే దొరుకుతుంది. దీన్ని ఓటమి అనుకోవద్దు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. ఆపరేషన్‌కు ముందు రిపోర్టులు, ఫొటోలు అన్నీ కంప్యూటర్‌లో పంపి అనుమతి తీసుకోవాలన్నప్పుడు ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు, ఆపరేటర్లు ఆ భారం చాలా వరకు మోశారు. సర్జన్ సర్జరీ చేశాడు, బీదవాడికి ఖర్చు లేకుండా ఆపరేషన్ అయింది. ఇంత లాభం ఎదురుగా ఉంటే కంప్యూటర్ వద్దు అన్న సర్జన్ నాకు కనపడలేదు.

తెర ఎలా ఉండాలో చెప్పే అధికారం మీ నలుగురిలో ఇద్దరికి ఇవ్వండి, నిజంగా ఇవ్వండి. మెడిసిన్ సార్ రోజూ రాసే మందులు పాతిక ముప్పై ఉంటాయి, అవి డోసుతో సహా మొదటి పేజీలోనే ఉండాలి. ఆయన మార్చమంటే వారంలో కంపెనీ మార్చి ఇవ్వాలి. ఇవ్వలేమంటే ఆ కంపెనీతో తెగేసి మాట్లాడాల్సింది మీరు. నేర్పించేది కూడా వాళ్ల ఈడు డాక్టరే అయితే మంచిది, తలుపేసుకుని. పేషెంటు ముందు ఒక హౌస్ సర్జన్ చేత 'అది కాదు సార్, ఇక్కడ నొక్కండి' అనిపించుకోవడం ఏ పెద్ద డాక్టరూ సహించరు, సహించాల్సిన పని లేదు.

కాగితం విషయంలో డాక్టర్లు కూడా పట్టు వదలాల్సిన చోటు ఒకటుంది, అది వాళ్లకు చెప్పండి. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నిబంధన తెచ్చింది. మెడికల్ షాపులో అబ్బాయి ఊహించి మందు ఇవ్వాల్సిన చీటీ ఏ డాక్టర్ రాసినా తప్పే. అక్కడ మీరు గట్టిగా ఉండండి, పేషెంటు మేలు కోసమని చెప్పి ఉండండి, మీ మాటకు బలం వస్తుంది.

మీ నాన్నగారిని ఏమీ అనలేనన్నారు. అనవద్దు, అడగండి. మిగతా ముగ్గురూ రోజూ చూస్తున్నది ఆయన చేతిలో ఉన్న పెన్నునే. సోమవారం పొద్దున 10 గంటలకు ఒక నోటుబుక్కు పట్టుకుని ఆయన ఓపీలో మూలకు కుర్చీ వేసుకుని కూర్చోండి. ఏమీ చెప్పకండి. ఏ కాగితం కోసం ఎన్నిసార్లు బెల్లు కొట్టారు, ఏ రిపోర్టు కోసం ఎంతసేపు ఆగారు, పాత చీటీ లేక ఎంతమందిని మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వచ్చింది, ఇవే రాసుకోండి. రెండింటికి ఓపీ అయ్యాక ఆయనతో కూర్చుని అన్నం తింటూ ఆ పేజీ చూపించి, 'వీటిలో ముందు ఏది తీసేయమంటారు నాన్నా' అని అడగండి. ఆయన ఏం చెప్పారో నాకు మళ్లీ రాయండి.